వెలుగును పరీక్షించవచ్చా?

టార్చి కొనేటప్పుడు చాలామంది దాన్ని అంగడి గోడ మీదికి వేసి చూస్తారు. తెల్లటి వలయం ఎంత పెద్దగా, ఎంత జిగేలుమని పడితే అంత మంచి సరుకు అనుకుంటారు. నేను గోడను చూడను. నా జేబులో వైరు ముక్కల కట్ట ఒకటి ఉంటుంది. ఎరుపు, గోధుమ, పసుపు, నీలం, నలుపు, బూడిద, ఆకుపచ్చ. ఏది ఏ రంగో పట్టపగటి ఎండలో చూసి తేల్చుకున్న ముక్కలు. అంగట్లో బల్ల కింద, వెలుతురు పడని మూలకు చెయ్యి పెట్టి ఆ కట్టను కొత్త టార్చి వెలుగులో చూస్తాను. మకిలి పట్టిన ఎరుపు ముక్కనూ గోధుమ ముక్కనూ ఆనించి పెడితే రెండూ ఒకేలా కనబడ్డాయా, ఆ టార్చి తిరిగి డబ్బాలోకి పోవలసిందే. అది ఎన్ని ల్యూమెన్లు ఇస్తే నాకేమిటి?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మోటార్లు, స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు చూసుకునే ఎలక్ట్రీషియన్ని నేను. తర్కమూ ఉపనిషత్తులూ చెప్పే ఒక పెద్దాయన దగ్గర సాయంత్రాలు కూర్చుని వినడం అలవాటు. అక్కడికి వచ్చే మరో పెద్దమనిషి నా వైరు ముక్కల సంగతి విని, "దీపానికి దణ్ణం పెట్టాలి గాని పరీక్ష పెట్టడమేమిటి నాయనా?" అన్నారు. ఆయన బాధ టార్చి గురించి కాదు. గురువు మాటను, శాస్త్రాన్ని, తాతలనాటి నమ్మకాన్ని పరీక్షకు పెట్టడం అపచారమని ఆయన మనసులో ఉంది. దేనివల్ల మనకు లోకం కనబడుతోందో దాన్నే అనుమానిస్తే ఇక కాలు మోపేదెక్కడ? తీసిపారేయదగ్గ ప్రశ్న కాదిది. దాని మీద నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. నా ఆలోచన అంతా పనిలోంచే వచ్చింది కాబట్టి పని సంగతితోనే చెబుతాను.

డబ్బా మీది అంకెలు ముందు తేల్చేద్దాం. అరచేతిలో పట్టే ఈ టార్చీల్లో ఎక్కువగా 18650 సెల్లు ఉంటుంది. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లు సాధారణంగా 3500 మిల్లీ యాంపియర్ అవర్ల దాకా ఇస్తుంది. దాని మీద 9900 అని అచ్చేసి ఉంటే ఆ డబ్బా మీద మిగతా అంకెలు కూడా నమ్మొద్దు. నికార్సయిన కంపెనీలు ఎఫ్ఎల్1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం కొలుస్తాయి. అందులో కూడా తెలుసుకోవలసింది ఉంది. టార్చి వేసిన 30 సెకన్లకు ఎంత వెలుగు ఉందో అది పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయాన్ని రన్‌టైమ్ అంటారు. కాబట్టి 1000 ల్యూమెన్లు, మూడు గంటలు అని రాస్తే మూడు గంటలూ వెయ్యి వస్తుందని కాదు. వేడెక్కి కొద్ది నిమిషాల్లోనే మూడు వందలకు దిగి, చివరికి వంద దగ్గర మిణుకుమన్నా ఆ రాత తప్పు కాదు. రాసినవాడు అబద్ధం ఆడలేదు, చదివినవాడు మాత్రం పొరబడ్డాడు. శాస్త్ర వాక్యాలు చదివేటప్పుడూ ఈ ప్రమాదం ఉంటుంది.

రంగు సంగతి అంకెలకంటే పెద్దది. ఎల్ఈడీలో నీలి కాంతినిచ్చే చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూసి తెలుపు పుట్టిస్తారు. చౌక రకంలో ముదురు ఎరుపు కాంతి చాలా తక్కువ ఉంటుంది. వెలుగులో లేని ఎరుపును వైరు ఎక్కణ్ణుంచి తెచ్చి కంటికి ఇస్తుంది? దీన్ని కొలిచే లెక్కను సీఆర్ఐ అంటారు. ఎండకు వంద అయితే చౌక టార్చికి 70 చిల్లర. 90 దాటిన టార్చిలో అదే సెల్లుకు వెలుగు కొంత తగ్గుతుంది గాని ఎరుపు ఎరుపుగా ఉంటుంది. నేను ల్యూమెన్లు వదులుకుని రంగును ఎంచుకుంటాను. మిల్లులో బియ్యం గింజల్ని రంగు చూసి ఏరే సార్టెక్స్ మిషను కూడా అంతే. కేమెరా రంగు మారిన గింజను పట్టుకుంటే గాలి దెబ్బ దాన్ని పక్కకు తోస్తుంది. కానీ ఆ మిషను తన దీపాల్ని గుడ్డిగా నమ్మదు. తెల్లని పలకను చూపించి దాని చూపు సరిచేస్తారు. ఆ పలక మీద తవుడు పేరుకుంటే మంచి గింజ కూడా చెత్తలోకి పోతుంది.

ఇంకో దోషం ఉంది, ఇది చేతులు తీసేస్తుంది. వెలుగు తగ్గించడానికి కొన్ని టార్చీలు ఎల్ఈడీని సెకనుకు వంద, రెండు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి అది నిలకడ వెలుగులాగే ఉంటుంది. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. దాని మీద నాలుగు చువ్వల పుల్లీ ఉండి, సెకనుకు 96 సార్లు ఆరి వెలిగే కాంతి పడిందంటే చువ్వలు ఆగిపోయినట్టే కనబడతాయి. ఆ వేగం కొద్దిగా అటూ ఇటూ అయితే పుల్లీ నిమ్మళంగా ముందుకో వెనక్కో తిరుగుతున్నట్టు ఉంటుంది. మిల్లు మోతలో ఏ మోటారు ఆగిందో, ఏది నడుస్తోందో చెవితో పట్టడం కష్టం. అందుకే టార్చి కొనేటప్పుడు తక్కువ వెలుగులో పెట్టి, దాని ముందు పెన్సిల్ గబగబా ఊపి చూస్తాను. పెన్సిల్ చెదిరిన పట్టీలా కనబడితే మంచిది. విడివిడి పెన్సిళ్ళుగా తెగి కనబడితే ఆ టార్చి మిల్లుకు పనికిరాదు.

ఈ పుల్లీ దగ్గరే నాకు వేదాంతం గట్టిగా గుర్తొస్తుంది. తాడును చూసి పాము అనుకునే భ్రమ మసక వెలుగులో పుడుతుంది, దీపం తెస్తే పోతుంది. పుల్లీ ఆగిందన్న భ్రమ దీపం తెచ్చినందువల్లే పుట్టింది. అలా ఆరి వెలిగే కాంతినే ఇంకా ఎక్కువ వేసినా అది పోదు. శాస్త్రంలో దీనికి దగ్గరి ఉదాహరణ పచ్చకామెర్లవాడికి తెల్లశంఖం పసుపుగా కనబడటం. శంఖంలో దోషం లేదు, గదిలో చీకటి లేదు. చూసే సాధనంలోనే దోషం. అలాంటివాడికి "ఇంకా బాగా చూడు" అని చెప్పి లాభమేముంది?

సాధనంలో దోషం ఉందని ఎలా తెలుస్తుంది? మీమాంసకుడైన కుమారిల భట్టు చెప్పేది ఇది: జ్ఞానం పుట్టడమే ప్రమాణంగా పుడుతుంది. దాన్ని కొట్టేసే మరో జ్ఞానం వచ్చినప్పుడో, దానికి కారణమైన సాధనంలో దోషం బయటపడినప్పుడో మాత్రమే అది చెల్లదు. అంతవరకూ నమ్మాలి. న్యాయదర్శనం చెప్పే నైయాయికులు ఒప్పుకోరు. జ్ఞానం నిజమని దానికదే చెప్పుకోలేదు, దాన్ని నమ్మి చేసిన పని ఫలించినప్పుడే దాని ప్రామాణ్యం తెలుస్తుందంటారు. న్యాయసూత్రాల మీద వాత్స్యాయనుడి భాష్యం మొదలయ్యేదే ఈ మాటతో. ఈ వాదం వందల ఏళ్ళు నడిచింది. నాకు ఇద్దరూ కావాలి. మిల్లు ఆవరణలో రాత్రి నడిచేటప్పుడు నేను కుమారిలుడి పక్షం. అడుగడుగునా అనుమానిస్తే గేటు దాకా కూడా పోలేను. ప్యానెల్లో కరెంటు పారే లోహపు పట్టీ అయిన బస్‌బారు మీద చెయ్యి వేసే ముందు మాత్రం నైయాయికుల పక్షం. అక్కడ పని ఫలించిందా లేదా అని చేసి చూడటానికి ప్రాణం ఒక్కటే ఉంది. కాబట్టి సాధనాన్నే ముందు పరీక్షించాలి.

అది చేసే తీరు మా వృత్తిలో అందరికీ తెలిసిందే. మెయిన్ ఆఫ్ చేశాక టెస్టరు పెడితే కరెంటు లేదని చూపించింది. కరెంటు లేదా, టెస్టరు చచ్చిందా? ముందు కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టరు పెట్టి చూడాలి. తర్వాత పని చేయబోయే చోట పెట్టాలి. ఆ తర్వాత మళ్ళీ కరెంటున్న చోట పెట్టి, మధ్యలో టెస్టరు పాడవలేదని చూసుకోవాలి. మూడో మెట్టును చాలామంది వదిలేస్తారు. అసలు ప్రాణం ఉన్నది ఆ మూడో మెట్టులోనే.

టెస్టరును పరీక్షించిన చోటును దేనితో పరీక్షించావు అని ఎవరైనా అడగవచ్చు. అడిగాడు కూడా, బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు. మా మిర్యాలగూడకు దగ్గర్లోనే, కృష్ణ నీళ్ళ మధ్య మిగిలిన కొండకు ఆయన పేరే ఉంది. ఆయన అక్కడే నివసించాడా అన్నది చరిత్రకారుల చర్చ గాని, సంప్రదాయం ఆయన్ని శ్రీపర్వతంతో ముడిపెడుతుంది. విగ్రహవ్యావర్తని అన్న గ్రంథంలో ఆయన సూటిగా అడుగుతాడు: వస్తువుల్ని ప్రమాణాలు నిరూపిస్తే ప్రమాణాల్ని నిరూపించేది ఏది? మరో ప్రమాణమంటే దానికి ఇంకోటి, అంతు ఉండదు. దీపం తన్నూ చూపించుకుంటుంది, ఇతరాల్నీ చూపిస్తుంది కదా అంటే ఆయన దాన్నీ వదలడు. చీకట్లో ఉన్నదాన్ని బయటపెట్టడమే వెలిగించడం. దీపంలో చీకటి ఎప్పుడూ లేదు, మరి అది తనలో దేన్ని వెలిగించుకున్నట్టు?

న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో గౌతముడు దీపం ఉదాహరణతో పాటు త్రాసు ఉదాహరణ కూడా తెస్తాడు. నాకు ఇదే బలమైన జవాబుగా తోస్తుంది. బంగారాన్ని తూచేటప్పుడు త్రాసు సాధనం. త్రాసు మీద అనుమానం వస్తే తూకం తెలిసిన బంగారాన్నే పెట్టి త్రాసును చూస్తాం. అప్పుడు బంగారం సాధనం, త్రాసు పరీక్షకు వచ్చిన వస్తువు. ఏదో ఒక్కటి ఎప్పటికీ న్యాయమూర్తి పీఠం మీద కూర్చుని ఉండదు. నా వైరు ముక్కలు చేసేది ఇదే పని. రోజంతా టార్చి వైర్లను చూపిస్తుంది. అంగట్లో ఆ కాసేపు వైర్లు టార్చిని చూపిస్తాయి. నాగార్జునుడి ప్రశ్నకు ఇది పూర్తి జవాబని నేననను. చెయ్యి పెట్టవలసినవాడికి సరిపోయేంత జవాబు.

వెలుగు నిజం చెప్పినంతమాత్రాన పని అయిపోదు. మా పాత ప్యానెళ్ళలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. బయటి దేశం నుంచి వచ్చే కొన్ని మిషన్లలో గోధుమ, నలుపు, బూడిద ఫేజులు, నీలం న్యూట్రల్. రెండూ ఒకే మిల్లులో, పక్కపక్కనే ఉంటాయి. నా దగ్గర పనిచేసే కుర్రవాడు వంగి చూసి, "అన్నా, నల్లదే, న్యూట్రలే కదా?" అంటాడు. వాడి కన్ను సరైనదే, టార్చి సరైనదే, నలుపు నిజంగా నలుపే. ఆ నలుపు ఇక్కడ ఏమిటో చెప్పేది కన్ను కాదు. "డ్రాయింగు చూడు తమ్మీ, తర్వాత టెస్టరు పెట్టు" అంటాను. డ్రాయింగు శబ్ద ప్రమాణం, అంటే నమ్మదగ్గవాడి మాట. దాన్ని రాసినవాడు ఆ మిషను తెలిసినవాడై ఉండాలి, మధ్యలో ఎవరూ వైర్లు మార్చి ఉండకూడదు. అందుకే డ్రాయింగు చూశాక కూడా టెస్టరు.

బృహదారణ్యకం నాలుగో అధ్యాయంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు, మనిషి ఏ వెలుగుతో పనులు చేసుకుంటాడని. సూర్యుడితో అంటాడు యాజ్ఞవల్క్యుడు. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. అదీ లేకపోతే? అగ్ని. అగ్ని కూడా ఆరిపోతే? మాట. ఆ మాటను వెలుగుగా లెక్కపెట్టడం నాకు చాలా ఇష్టం. ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్ పైన ఒకడు, కింద ఒకడు ఉండి, "కొంచెం ఎడమకు, ఇంకొంచెం, ఆగు" అనుకుంటూ చేసే పనిలో చేతికి దారి చూపేది అవతలివాడి గొంతే. మాట కూడా ఆగిపోతే? ఆత్మే వెలుగు అంటాడు. అక్కడితో ప్రశ్నల వరస ఆగుతుంది.

దణ్ణం పెట్టమన్న పెద్దమనిషికి నా జవాబు ఆ వరసలోనే ఉంది. స్వయంప్రకాశమని అద్వైతులు ఒప్పుకున్నది చైతన్యానికి మాత్రమే. టార్చి కనబడటం లేదని అనవచ్చు, టార్చి తప్పు చూపిస్తోందని అనవచ్చు. అలా అనుకుంటున్నది ఎవరో, ఆ ఎరుకను మరో దీపం తెచ్చి చూడలేం. దానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ గౌరవాన్ని తెచ్చి గురువుకో, గ్రంథానికో, నా మనసులో నాటుకుపోయిన అభిప్రాయానికో కట్టబెట్టడం నాకు అపచారంగా కనబడుతుంది. అవన్నీ సూర్యుడు, చంద్రుడు, అగ్ని, మాట అన్న వరసలోవి. గొప్ప వెలుగులే, కానీ అస్తమించేవి, మసకబారేవి, ఒక్కోసారి రంగు మార్చి చూపించేవి. తెలిసిన నిజం ఎదుట వాటిని నిలబెట్టడం వాటికి అవమానం కాదు. పరీక్షకు నిలిచిన గురువు మీద ఉండే భక్తి ఎంత నిశ్చింతగా ఉంటుందో అనుభవించినవాడికి తెలుసు. ఆ పెద్దమనిషి అంతా విని నాతో ఏకీభవించలేదు. ఇప్పటికీ పక్కపక్కనే కూర్చుని వింటాం.

ఇక టార్చి. నేను ఉంచుకున్నది తల పక్కకు వంగి ఉండే నైలాన్ ఒంటి రకం. లోహపు ఒళ్ళు, అడుగున అయస్కాంతం ఉన్నవి చేతికి గట్టిగా, అందంగా ఉంటాయి. కానీ ప్యానెల్ తలుపుకు అంటించినప్పుడు మిల్లు అదురుకు మెల్లగా జారి, విప్పి ఉన్న బస్‌బార్ల మీద పడితే రెండు ఫేజుల్ని కలిపేస్తాయి. నైలాన్ దానికి కూడా తాడు కట్టి మెడలో వేసుకుంటాను. పక్కనున్న వెడల్పు వెలుగు ప్యానెల్ లోపలికి, ముందున్న సూటి వెలుగు ఎలివేటర్ ఎత్తుకు పనికొస్తాయి. దానిలోనే ఉన్న ఎర్రలైటు చీకటికి అలవాటుపడ్డ కళ్ళను చెదరగొట్టదు. వయొలెట్ లైటు మొదట అనవసరం అనుకున్నదే గాని, గోదాములో వైర్లు కొరికే ఎలుకలు ఏ దారిన తిరుగుతున్నాయో దాని వెలుగులో మూత్రపు మరకలు మెరిసి చూపిస్తాయి. ఎండలో కూడా కనబడనిది అది. ఆ లైటును కళ్ళలోకి మాత్రం పడనివ్వకూడదు. ఈ టార్చిని ఊక, తవుడు ధూళి కమ్మిన గాదెలోకి తీసుకుపోను. ఆ ధూళి నిప్పురవ్వకు పేలుతుంది. అక్కడికి ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ ఉన్న లైటే పోవాలి, అది లేని రోజు పని ఆపాలి.

మిల్లుల్లో పనిచేసే తమ్ముళ్ళను కోరేది ఒక్కటే. మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. టెస్టరును కరెంటున్న చోట చూడండి, పనిచేసే చోట చూడండి, మళ్ళీ కరెంటున్న చోట చూడండి. మేస్త్రీ తొందరపెట్టినా, యజమాని తొందరపెట్టినా ఆ మూడోసారి చూడకుండా లోపల చెయ్యి పెట్టకండి.