ఎఱుకయే తెర యగునా?

అజ్ఞానమే విద్యకు శత్రువని తలంతుము. కాని తెలిసినదియే క్రొత్తదాని కడ్డుపడుటయు కలదు. 1969లో లియాన్ కామిన్ ప్రకటించిన ప్రయోగములను చూడుడు. ఒక ధ్వని వినబడిన పిదప విద్యుదాఘాతము తగులునని ఎలుకలు మొదట నేర్చినవి. తరువాత ధ్వనితోడనే దీపమును వెలిగించి, అదే యాఘాతము నిచ్చిరి. తుదకు దీపమును మాత్రమే చూపగా అవి అంతగా బెదరలేదు. ధ్వనియే సర్వమును ముందుగ తెలుపుచుండ, దీపమువలన నేర్వవలసినదేమి మిగిలెను?

1972లో రెస్కోర్లా, వాగ్నరులు దీనిని గణితసూత్రముగ కూర్చిరి: ఎదురుచూచినదానికిని జరిగినదానికిని ఎంత భేదమో, నేర్చుటయు ఆ మేరకే. నిష్ప్రయోజనమని తేలిన గుఱుతును అవధానము విడిచిపెట్టునని 1975లో మాకింటాష్ ప్రతిపాదించెను. కోతుల మెదడులోని డోపమిను కణములు ఇట్టి భేదమునే తెలుపుచున్నట్లున్నవని 1997లో షుల్ట్‌జ్, డయాన్, మాంటెగ్యూలు చూపిరి.

ఎలుకను నిందింప బనిలేదు. నాటికి దాని లెక్క సరియే. కాని రేపు ధ్వని ఆగి దీపమొక్కటే మిగిలినచో దానికి దిక్కేది? ఆచారము చెప్పిన కారణముతో తృప్తినొందిన మనుష్యుని గతియు నిట్టిదే. ఎదుట వెలుగుచున్నను వాడు చూడడు. ఎలుకకు లేని శక్తి యొకటి మనకు కలదు: అవసరము తోచకున్నను, తెలిసినదానిని మరల ప్రశ్నింపగలము. ఆ శక్తిని వాడకుండుట దోషమే.