ఛార్జర్ తీస్తే ఆగే ల్యాప్‌టాప్, తార్కికుల కారణ విచారం

ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపూ చక్కగా నడిచే ల్యాప్‌టాప్, అది పీకిన కాసేపటికి, బ్యాటరీ 40 శాతం ఉందని చూపిస్తూనే టప్పున ఆగిపోవడం రిపేరు షాపులకు బాగా తెలిసిన జబ్బు. బ్యాటరీ పోయిందని ఒకరంటారు, మదర్‌బోర్డు పోయిందని ఇంకొకరు, మొన్నటి విండోస్ అప్‌డేట్ వల్లేనని మరొకరు. ఐటీ పార్కూ నరసింహస్వామి కొండా ఒకే ఊళ్లో ఉన్న మంగళగిరిలో దిష్టి తగిలిందనో, టైము బాలేదనో అనేవాళ్లకూ కొదవ లేదు. అందరూ చెబుతున్నది కారణమే. అయితే ముందు జరిగిన వాటన్నిటిలో ఏది కారణమనిపించుకుంటుంది, ఏది కాదు అన్నది న్యాయ వైశేషిక దర్శనాలు శతాబ్దాల తరబడి తర్కించిన ప్రశ్న.

తర్కం చదివేవారు నేటికీ మొదట పట్టే పుస్తకం తర్కసంగ్రహం. దాన్ని, దాని మీద దీపిక అనే వ్యాఖ్యను రాసిన 17వ శతాబ్దపు అన్నంభట్టు ఆంధ్రుడు. ఆయన లెక్కలో కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేది కారణం. అయితే అది అన్యథాసిద్ధం కాకూడదు, అంటే అది లేకపోయినా పని జరిగిపోయేదై ఉండకూడదు. కుండకు మట్టి మోసుకొచ్చిన గాడిద ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. గాడిద ముందే ఉంది, నిజమే. కానీ మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేది. అప్‌డేట్‌కూ ఈ పరీక్ష పెట్టవచ్చు. ల్యాప్‌టాప్‌ను బయాస్ తెరలోకి తీసుకెళ్లి, ఛార్జర్ పీకి వదిలేయాలి. అక్కడ విండోస్ నడవదు. అక్కడా ఆగిపోతే అప్‌డేట్ గాడిదే. ఆగకపోతే మాత్రం అప్‌డేట్ మీద నేరం రుజువైనట్టు కాదు, ఎందుకంటే బయాస్‌లో బరువైన పని కూడా ఉండదు. చాలామంది తొందరపడేది ఇక్కడే.

ఆగిన తీరు కూడా చూడాలి. షట్‌డౌన్ అవుతున్నట్టు తెర మీద చూపించి ఆగితే, ఛార్జ్ అయిపోవచ్చిందనుకుని విండోస్ తానే ఆపిందని అర్థం. అప్పుడు సందేహించాల్సింది ఛార్జ్ లెక్కను, పవర్ సెట్టింగులను. ఏ సూచనా లేకుండా తెర నల్లబడితే కరెంటే తెగింది. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తే అదే రోగమని భ్రమపడేవారున్నారు. అది చెప్పేది యంత్రం సవ్యంగా ఆగలేదని మాత్రమే. ఒక సంగతిని తెలియజేసే హేతువు వేరు, దాన్ని పుట్టించే హేతువు వేరు. పొగ నిప్పును తెలియజేస్తుంది, పుట్టించదు.

ఛార్జర్ తీస్తే ఆగుతుందన్న నియమం గట్టిదిలాగే కనిపిస్తుంది. కానీ ఇలాంటి నియమాల్లో ఉపాధి, అంటే పైకి కనిపించని అదనపు షరతు, దాగి ఉండవచ్చునని తార్కికుల హెచ్చరిక. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనప ముద్దలో నిప్పే తప్ప పొగ లేదు. తడికట్టె తోడైతేనే పొగ. ల్యాప్‌టాప్‌లో ఆ తడికట్టె చాలాసార్లు ప్రాసెసర్ మీద పడే లోడు. ఛార్జర్ తీసి ఊరికే వదిలేస్తే అరగంటైనా నడిచేది, వీడియో కాల్ మొదలుపెట్టగానే ఆగిపోతుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని పవర్ ఆప్షన్స్‌లో సగానికి తగ్గించి అదే కాల్ మళ్లీ నడిపితే, ఈసారి ఆగకపోతే, ఉపాధి పట్టుబడినట్టే.

లోడు పెరిగితే ఎందుకు ఆగాలి? మీమాంసకులకూ నైయాయికులకూ జరిగిన ఒక పాత వివాదం ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక రకం మణి దగ్గరుంటే నిప్పు కాల్చదన్నది ఇద్దరూ ఒప్పుకున్న ఉదాహరణ. నిప్పులోని శక్తి నశించిందని మీమాంసకులు అన్నారు. శక్తి అనే వేరే పదార్థం అక్కర్లేదు, అడ్డు వచ్చింది అంతే, అడ్డు లేకపోవడం కూడా కారణ సామగ్రిలో ఒకటని నైయాయికులు అన్నారు; ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ పక్షాన్నే వాదించాడు. బ్యాటరీ విషయంలో ఇద్దరికీ చోటుంది. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండుతో వచ్చే బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది బాగా తగ్గితే శక్తి తరిగిందన్నమాట, ఛార్జ్ త్వరగా అయిపోతుంది. 40 శాతం దగ్గర హఠాత్తుగా ఆగడానికి ఆ ఒక్కటే చాలదు. అక్కడ దోషి సాధారణంగా సెల్స్ లోపల పెరిగిన నిరోధం, అంటే అడ్డు.

మూడు లిథియం సెల్స్ వరుసగా ఉన్న ప్యాక్‌ను తీసుకుందాం. ఒక్కో సెల్ నిండుగా 4.2 వోల్టులు, 3 వోల్టుల దరికి దిగితే ఖాళీ కింద లెక్క. సగం ఛార్జ్‌లో ప్యాక్ 10.8 వోల్టులుందనుకుంటే, వీడియో కాల్ లాగే కరెంటు 4 ఆంపియర్లు అనుకుంటే, కొత్త ప్యాక్‌లో 0.1 ఓమ్ నిరోధం 0.4 వోల్టులు మాత్రమే తింటుంది. పాతబడి అది 0.4 ఓమ్ అయితే 1.6 వోల్టులు పోయి ప్యాక్ 9.2కు పడిపోతుంది, సగటున సెల్‌కు 3.07. మూడింటిలో బలహీనమైనది 3 కిందికి జారుతుంది, రక్షణ సర్క్యూట్ లైను కట్ చేస్తుంది. ఛార్జర్ పెట్టినప్పుడు 19, 20 వోల్టులు బయటి నుంచే వస్తాయి కాబట్టి ఈ అడ్డు బయటపడదు. వేడిలో, నిండు ఛార్జ్‌లో ఉంచిన సెల్స్ త్వరగా ముసలివవుతాయి. కృష్ణా తీరపు ఎండల్లో రోజంతా ప్లగ్గులోనే ఉండే ల్యాప్‌టాప్‌కు ఈ రెండూ తప్పవు.

ఛార్జర్ మీద నడిచింది కాబట్టి బోర్డు బాగుందనడం కూడా పూర్తిగా నిలవదు. బోర్డు మీద బ్యాటరీ నుంచి కరెంటు వచ్చే దారి వేరే ఉంటుంది. అక్కడి కనెక్టరో, స్విచ్చింగ్ భాగమో చెడినా లక్షణం ఇదే. తేల్చేది వ్యతిరేకం, అంటే కారణం తీసేస్తే కార్యమూ పోతుందా అని చూడటం: మిగతావన్నీ అలాగే ఉంచి, బాగున్న బ్యాటరీ ఒక్కటే మార్చి చూడటం. జాన్ స్టువర్ట్ మిల్ 1843 నాటి తర్కగ్రంథంలో చెప్పిన వ్యత్యాస పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే.

ఇక దిష్టి, టైము, దైవం. నైయాయికులు నాస్తికులు కారు. ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం, కాలం, దిక్కు, అదృష్టం (పుణ్యపాపాలు), ప్రాగభావం (పుట్టకముందు లేకపోవడం) ప్రతి కార్యానికీ సాధారణ కారణాలని వాళ్లు ఒప్పుకుంటారు. ప్రతిదానికీ కారణమైనది ల్యాప్‌టాప్ నడిచినప్పుడూ ఉంది, ఆగినప్పుడూ ఉంది. అందువల్ల ఈ ఒక్క ఆగిపోవడాన్ని అది వివరించదు. అసాధారణ కారణాన్ని వేరే వెతకాల్సిందే. దైవాన్ని ఒప్పుకోవడానికీ బ్యాటరీని అనుమానించడానికీ మధ్య తగవు లేదు.

అన్నిటినీ దైవం మీదికి నెట్టేయడానికి విరుద్ధమైన పొరపాటు మంగళగిరి కొండ మీదే కనిపిస్తుంది. పానకాల నరసింహస్వామి నోట్లో అర్చకుడు శంఖంతో పానకం పోస్తే గుటక వేసిన శబ్దం వస్తుంది. స్వామి సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడని భక్తుల విశ్వాసం. అంత బెల్లం నీళ్లు పోసేచోట చీమ కనబడదంటారు. కొండ ఒకప్పటి అగ్నిపర్వతమనీ, లోపలి గంధకాన్ని బెల్లం చల్లారుస్తుందనీ చదువుకున్నవారు చెప్పే వివరణ. తర్కంలో అనుమానానికి, అంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడానికి, దృష్టాంతం కావాలి. పొగకూ నిప్పుకూ వంటిల్లు దృష్టాంతం. బెల్లం నీళ్లు అగ్నిపర్వతాన్ని చల్లార్చిన చోటు ఇంకెక్కడ? చూపించలేనప్పుడు అది శాస్త్రం వేషం వేసుకున్న కథ. భక్తుడి మాట శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవారి మాట, మీద నిలబడింది, అనుమానమని చెప్పుకోదు. ఆ మేరకు అదే నిజాయితీగా ఉంది.

జ్ఞానం సరైనదని దానంతట అదే తేలదు, సఫలమైన ప్రవృత్తి వల్ల, అంటే దాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్ల, తేలుతుందని న్యాయమతం. అందుకే కొత్త బ్యాటరీ వేసి తెర వెలగడంతో తృప్తిపడకూడదు. ఛార్జర్ తీసి, పాతది ఆగిన అదే వీడియో కాల్ నడిపి, 40 శాతం దాటి కిందికి దిగనివ్వాలి. ప్రవృత్తి సందేహం నుంచి కూడా మొదలవుతుందని వాళ్లే అన్నారు. బ్యాటరీ ఉబ్బిందన్న సందేహం విషయంలో అదే చాలు: టచ్‌ప్యాడ్ పైకి లేచో, అడుగు మూత ఉబ్బో కనిపిస్తే ఈ పరీక్షలేవీ చేయకుండా ల్యాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీని గుచ్చకుండా నొక్కకుండా షాపులో విప్పించాలి.