మరచిపోయినవానికి బాకీ

వసంతము తొంగిచూచు ఫాల్గుణపు ఉదయమున, రెండేండ్ల మనుమడు పెరటిలో రాలిన మామిడి పూతను గుప్పిళ్లతో ఏరుచుండెను. ఎండ ముదురుచున్నదని, "రా నాన్నా, బెల్లం పెడతాను" అని పిలిచితిని. పూతను విడిచి పరుగున వచ్చెను. డబ్బా ఖాళీ, ఆ సంగతి నాకు ముందే తెలియును. కొంచెము ఏడ్చి వాడు మరచిపోయెను. మరచినవానికి మనము బాకీపడియుందుమా?

లేదనుట సులభము. అయితే 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో, పెద్దలు మాట నిలుపుకొనగా చూచిన పిల్లలు ఎదుటనున్న మిఠాయిని తినక, రెండవదాని కొరకు సగటున 12 నిమిషములు ఓర్చిరి. మాట తప్పగా చూచినవారు 3 నిమిషములే. వారు 3 మొదలు 5 ఏండ్లవారు. నా మనుమడు ఇంకను చిన్నవాడు. వాడు బెల్లమును మరచెను. నా పలుకు విలువను గూడ మరచెనని నేనెట్లు చెప్పగలను?

మరునాడు అదే చెట్టు క్రింద బెల్లపు ముక్కను వాని చేతికిచ్చితిని. సగము కొరికి, తక్కినది నా నోటికందించెను.