స్టార్ ఎందుకు కట్టారని అడిగితే

నాన్నా,

ఈ క్రిస్మస్‌కి ఆఫీసులో పక్క సీటు వాళ్ళకి సువార్త ఎలా చెప్పాలి తాతయ్యా, కరపత్రాలు పంచనా, వాట్సాప్‌లో వాక్యాలు పెట్టనా అని ఫోన్‌లో అడిగావు. నీకా ఆశ పుట్టినందుకే నాకు సంతోషం. పంచితే పంచు, తప్పేం లేదు. కానీ గ్రూపులో పొద్దున్నే వచ్చి పడే వాక్యాల్ని నువ్వే ఎన్ని చదువుతున్నావో ఒకసారి చూసుకో.

మన గుండ్లకమ్మ ఒడ్డున జరిగిన సంగతి ఒకటి చెప్తాను. 1876–78 నాటి ధాత కరువులో, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. బోధకులే అక్కడ మేస్త్రీలు. తట్టలు దించి జనం కాసేపు నడుం వాల్చినప్పుడు వాళ్ళ మధ్య కూర్చుని యేసయ్య సంగతులు చెప్పేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని వందలాదిగా అడిగారు. దొర ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో కరువు తీరితేగాని తేలదని ఆయన పట్టు. ఎంతమంది చేరారని అమెరికా నుంచి అడిగేవాళ్ళు ఉన్న రోజుల్లో అంత ఓపిక పట్టడం సామాన్యమా! ఇక సాయం లేదని చెప్పాక కూడా వచ్చారు చూడు, వాళ్ళకే ఇచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. మనవాళ్ళు ప్రతి మహాసభలో ఆ అంకె చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. నాకైతే అంతకుముందు ఆయన కాదంటూ వచ్చిన ఆ నెలలే గొప్పగా కనిపిస్తాయి.

కాబట్టి మీ యూత్ వాళ్ళు బస్టాండులో దుప్పట్లు పంచితే ఊరికే పంచండి. కప్పి, ఫోటో తీసి, ఆదివారం మా చర్చికి రావాలమ్మా అనకండి. దుప్పటి దుప్పటే, సువార్త సువార్తే.

ఇంకో మాట. మన పల్లెల్లోకి ఈ కబురు దొరల నోట వచ్చింది కొంతే. తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, ఊరూరా నడిచి తనవాళ్ళకి తన మాటల్లో చెప్పాడు. నువ్వూ నీ మాటల్లోనే చెప్పు. మైకు పట్టుకోగానే మన పిల్లలకి ఎక్కడలేని యాస వచ్చేస్తుంది, అదేమిటో! ఆఫీసు క్యాంటీన్లో ఆ గొంతు పెట్టావంటే ఎదురుగా ఉన్నవాడు టీ సగంలో వదిలేసి లేచిపోతాడు.

ఇంటి ముందు స్టార్ కట్టావుగా, ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. అప్పుడు చెప్పు. పేతురు తన పత్రికలో రాసింది కూడా అడిగినవాళ్ళకి సాత్వికంగా జవాబు చెప్పమనే. సత్రంలో చోటు దొరకని పేదింటి దంపతులు, పశువుల తొట్టిలో పడుకోబెట్టిన పసివాడు, రాత్రంతా మందకి కాపలా కాసే మనుషులకే ముందుగా అందిన కబురు. అది చాలు. అడిగినవాళ్ళ దేవుళ్ళ ఊసు ఎత్తకు, పోల్చకు. మనం క్రిస్మస్‌కి పంపిన అరిసెల గిన్నెని పక్కింటి వాళ్ళు సంక్రాంతికి సకినాలతో నింపి పంపుతారు. మనం గౌరవంగా తీసుకుంటామా లేదా అన్నది వాళ్ళు చూస్తారు నాన్నా.

ఎవరికైనా కష్టం వచ్చిందని తెలిస్తే ముందు వెళ్ళి కూర్చో. మీకోసం ప్రార్థన చెయ్యమంటారా అని అడుగు. వద్దంటే నొచ్చుకోకు, ఇంటికొచ్చి నీ గదిలో చేసుకో.

క్యారల్స్‌కి వెళ్ళినప్పుడు రాత్రి పది దాటాక మైకు ఆపెయ్యండి. చట్టం కూడా అదే చెప్తోంది. కంజీర, చప్పట్లు ఉంటే పాట నిలబడుతుంది. పరీక్షలకి చదువుకునే పిల్లలు, మందులేసుకుని పడుకున్న పెద్దవాళ్ళు ఉండే వీధులవి.

నీ రూమ్మేట్‌ని పండక్కి ఇక్కడికి తీసుకురా. చర్చికి రమ్మని బలవంతం చెయ్యకు, వస్తానంటే నీ పక్కనే కూర్చోబెట్టుకో. మాంసం తింటాడో లేదో ముందే కనుక్కుని నాయనమ్మకి చెప్పు, తినడంటే ముద్దపప్పు, గుత్తొంకాయ విడిగా వండుతుంది. రైలు టికెట్లు ఇప్పుడే చేయించు, ఇరవైమూడో తేదీకి దొరకవు.

మీ తాతయ్య