కనిపెట్టుటయా, త్రిప్పించుటయా?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతములలో గల్ఫుకు పోయినవారు లేని పల్లె అరుదు. సెలవుమీద వచ్చిన మా సంఘస్థుడొకడు, తన విమానము శంషాబాదు పైకి వచ్చియు దిగక మబ్బులలో చుట్లు తిరిగినదని, తనకు ప్రాణము పోయినంత పనియైనదని మాతో చెప్పెను.

ఆ తిరుగుటకు 'హోల్డింగ్ ప్యాటర్న్' అని పేరు. గాలివానచేతగాని రద్దీచేతగాని దిగుటకు వీలులేనప్పుడు, విమానము బండివలె దారిప్రక్కన ఆగజాలదు గదా. కనుక నియమించిన గుర్తునొద్ద పొడవాటి చుట్టు తిరుగును. ఒక నిమిషము మలుపు, ఒక నిమిషము సూటి, మరల మలుపు, మరల సూటి. సాధారణముగా చుట్టుకు 4 నిమిషములు. పలు విమానములున్నయెడల ఒకదానిపై నొకటి 1,000 అడుగుల ఎడముతో తిరుగును. ఎంతవరకు ఆగవలెనో క్రిందినున్న అధికారి గడియ చెప్పును.

ఇంగ్లీషువారు ఎటూ తేలని బ్రతుకునకును ఈ మాటనే వాడుదురు. మనము దానిని అరువు తెచ్చుకొననక్కరలేదు. "ఆఫీసు చుట్టు తిప్పుతున్నరు" అను మాట మన పల్లెలలో ఎవరు ఎరుగరు? అయితే ఈ త్రిప్పుటలో గడియ చెప్పువాడు లేడు. ఫేలిక్సు పౌలును కైసరయలో రెండేండ్లు అట్లే ఉంచెను. తరచు పిలిపించి మాటలాడెను గాని, అతని చూపు లంచముమీదనే యుండెనని అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయము దాచక చెప్పుచున్నది. ఆ రెండేండ్లు దేవుని చిత్తమేనని పౌలుతో చెప్పుట మనకు సులభము. ఫేలిక్సును అడుగుట కష్టము.

1990 జనవరి 25న కొలంబియానుండి న్యూయార్కుకు వచ్చిన ఏవియాంకా 52వ విమానమును మూడు చోట్ల, మొత్తము 77 నిమిషములు ఆపి త్రిప్పిరి. ఇంధనము తరుగుచున్నదనియు, తమకు ముందుగా దారి కావలెననియు విమానమువారు చెప్పిరి గాని, ప్రాణాపాయమును తెలుపు నియమితమైన మాటను పలుకలేదు. క్రిందివారు దానిని అంత అత్యవసరమని గ్రహింపలేదు. ఇంధనమై పోయి విమానము కూలినది. 158 మందిలో 73 మంది చనిపోయిరి.

ఈ సంగతి చదివినప్పుడు మాకు ఒక సహోదరి జ్ఞాపకము వచ్చినది. ఆమె భర్త పరదేశములో జీతము రాక, తిరిగి వచ్చుటకు కాగితములు లేక చిక్కుకొనియుండెను. ఆమె మూడు మారులు మాయొద్దకు వచ్చి, "జర తిప్పలైతాందయ్యా" అని మాత్రమే చెప్పెను. మూడు మారులును ప్రార్థించి, ప్రభువు కొరకు కనిపెట్టుకొమ్మని పంపితిమి. అబద్ధము చెప్పలేదు, దేవుడు తన ప్రజలను కనిపెట్టుకొనజేయుట నిజమే. కాని ఆయన ఆమె యింటిలోని బియ్యమును ఎరుగును, మేము ఎరుగము. ఎరుగకయే ఆయన పేరట ఆగుమంటిమి. పుస్తెలు కుదువబెట్టిన సంగతి తరువాత పొరుగువారివలన తెలిసినది.

ఇప్పుడు అట్టివారు వచ్చినయెడల, బైబిలు తెరువకముందే ఇంటిలో తిండి ఎన్నాళ్లకున్నది, అప్పెంత, ఎవరిని ఎప్పుడు అడిగితిరి అని విచారించుచున్నాము. కొందరు నొచ్చుకొనుచున్నారు. ఇదేమి పాస్టరని ఒక పెద్దమనిషి అననే అనెను.