ఆహతనాదము

బేగంబజారులో ఇత్తడి, స్టీలు పాత్రల టోకు దుకాణముల ముందు, కొనవచ్చినవాడు బిందె మందమెంతో తెలిసికొనుటకు దానిని వ్రేలిమెటికతో ఒకసారి కొట్టి చూచును. ఆ మ్రోతకు పుణ్యపాపములు లేవు. అట్టి బిందెనే చంకనిడికొని మర్ఫా బాజావాడు బరాతు ముందు వాయింప నారంభించినప్పుడు మాత్రము, ఆ ధ్వని దైవమునకు చేరునా, గంతులిడు కాళ్లకే చెల్లునా యను ప్రశ్న పుట్టును.

నిజాము సైన్యమున కొలువునకు వచ్చిన హద్రమౌతు అరబ్బులతోడను, ఆఫ్రికా సిద్దీలతోడను ఈ మర్ఫా వాద్యము మన హైదరాబాదు నగరమునకు వచ్చెను. 1948లో సంస్థానము భారతదేశమున కలిసి ఆ దళములు రద్దయిన పిదప, ఏ.సి. గార్డ్స్ వాడలోని పలువురు సిద్దీలకు బాజాయే బత్తెమైనది. ముసల్మానుల పెండ్లిళ్లకే గాక బోనాలకును, వినాయక నిమజ్జనమునకును మర్ఫా మ్రోగుచునే యున్నది.

మ్రోత దైవమునకా, గంతులకా యను ఈ ప్రశ్నయే అమెరికాలో ఒక గాయకుని జీవితమును రెండుగా చీల్చినది. జార్జియా రాష్ట్రమందలి మేకన్ పట్టణమున 1932లో పుట్టిన లిటిల్ రిచర్డ్, చర్చిలో నేర్చిన కేకను పియానో వేగముతో కలిపి, 1955లో 'టూటీ ఫ్రూటీ' రికార్డు చేసి, అప్‌సెటర్స్ అను బృందమును వెంటబెట్టుకొని ఊరూర తిరిగి, రాక్ అండ్ రోల్ తొలిదినములలో వెలిగినవాడు. 1957 అక్టోబరున ఆస్ట్రేలియా పర్యటనలో నుండగా ఆకాశమున గాంచిన వెలుగును దైవసంకేతముగా నెంచి, ఆ సంగీతము పాపమని విడిచి, వేదాధ్యయనమునకు బోవు బ్రహ్మచారివలె ఓక్‌వుడ్ కళాశాలలో బైబిలు చదువుకు చేరెను. 1962లో ఇంగ్లండునకు బోయి, సభికులు కోరగా మరల పాత పాటలే పాడెను.

13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున శార్ఙ్గదేవుడు రచింపగా, రాచకొండ నేలిన సింగభూపాలుడు వ్యాఖ్య వ్రాసిన సంగీతరత్నాకరము, అనాహతనాదము ముక్తిదమైనను జనరంజకము కాదనియు, తాకిడివలన పుట్టు ఆహతమే లోకమును రంజింపజేయుచు భవమును సైతము భంజించుననియు చెప్పుచున్నది. రిచర్డు రెండుగా చీల్చుకొన్నదానిని దక్కను పండితుడు ఒక్కటిగనే చూచెనన్నమాట. బరాతులో ఎగురు యువకులలో ఎవ్వనికి భవబంధము వీడుచున్నదో నేను చెప్పజాలను; కొందరికి అది బాజా మొదలుకాక మునుపే, సీసాలోనే వీడియుండును.

వాయించువాని సంగతి వేరు. ఇస్లాము ధర్మవేత్తలలో సైతము వాద్యములను గూర్చి ఏకాభిప్రాయము లేదు. కావున అమ్మవారి ఊరేగింపున వాయించి మరునాడు నమాజునకు బోవు సిద్దీకి, రిచర్డును పట్టిన సంకటము ఇంకను గట్టిగా పట్టవలసినదే. పట్టినట్లు పైకి కానరాదేమి? ధర్మమును చులకన చేసినందువలన కాదు. మ్రోత ఎవ్వరిని చేరవలెనో నిర్ణయించు అధికారము తన చేతులకు లేదని అతడు తలచుటయే కారణమని నాకు తోచును. రిచర్డు ఆ అధికారమును తానే వహించెను. బాజావాడు బయానా పుచ్చుకొన్న చోట తాళము తప్పకుండ చూచుకొనును, అంతవరకే పూచీ పడును.