అటకపై నేర్చిన దయ

మా అటకపై తాతగారు దాచిన పాల్కురికి సోమనాథుని బసవపురాణ ప్రతిని ఎలుకలు కొఱికినవి. కోపముతో విషము తెచ్చితిని. కాని పెట్టబోయి ఆగితిని. సర్వప్రాణులయందు దయ గలిగియుండవలెనని బోధించిన బసవేశ్వరుని భక్తునకు ఇది తగునా?

ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. కొఱుకుట దాని స్వభావము, నేరము కాదు. ఏండ్ల తరబడి అటక నెక్కనిది, చూరు సందులు పూడ్పనిది, ఆ గ్రంథమును తెఱవనిది నేనే. విషము ఎలుకతోనే ఆగదు; దానిని తిన్న గుడ్లగూబకును ప్రాణాపాయమే.

అట్లని ఊరకుండుటయు దయ కాదు. ఎలుక మూత్రమువలన మనుష్యులకు రోగములు సోకును. బిడ్డలను కాపాడుట గృహస్థధర్మము. కావున ముందు బోను పెట్టితిని. అలికిడి పూర్తిగా అణగిన పిదప ముక్కునకు గుడ్డ కట్టి, పెంటికలను పొడిగా ఊడ్వక, బ్లీచింగు నీటితో తడిపి, నానిన పిమ్మట తీసివేసితిని. చుంచునకు 6 మిల్లీమీటర్ల సందు చాలును. అట్టి ప్రతి సందును ఇనుపవలతోను సిమెంటుతోను మూసితిని. ఇదియు కాయకమే.

బోనులో పడిన రెండింటిని ఊరిబయట విడిచితిని. అవి బ్రదికినవో లేదో యెఱుగను. ఆ సందేహము నా అలసత్వమునకు ఫలము. దయ యనగా చంపకుండుట మాత్రమే కాదు. చంపవలసిన యవసరము రాకుండ ముందే మేల్కొనియుండుట.

మిగిలిన పుటలను ఇప్పుడు ప్రతి సోమవారము ఇంటిల్లిపాదియు చదువుచున్నాము.